ముప్పై ఆరు సంతకాల ముళ్ళమొక్క

ఇప్పుడంటే ఏ ఆఫీసుకి వెళ్ళినా కంప్యూటరు పక్కన అరచేతిలో పట్టేంత కుండీ, అందులో ఓ ముళ్ళ బంతీ కనిపిస్తున్నాయి. ఫోన్లో బొమ్మ చూసి ఆర్డరు పెడితే మూడో రోజుకి అట్టపెట్టెలో వచ్చేస్తున్నాయి. దానికెన్ని నీళ్ళు పొయ్యాలో, ఎప్పుడు పొయ్యకూడదో చెప్పే వీడియోలకీ కొదవ లేదు. పన్నెండేళ్ళ కిందట, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఇంత పరిజ్ఞానం నా చుట్టుపక్కల లేదు (ఉన్నా నేను చూసేవాణ్ణి కాదు, అన్నీ నాకే తెలుసనుకునే వయసు). ముళ్ళమొక్క అంటే పశువులు రాకుండా పొలం చుట్టూ పాతే బొమ్మజెముడే నాకు తెలుసు. అలాంటి దాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, పింగాణీ కుండీ కొనిపెట్టి, రోజూ పొద్దున్నే పలకరించే మనుషులు ఉంటారని విశాఖపట్నం వచ్చాకే తెలిసింది. తెలిసిన అయిదు నెలల్లోపే అలాంటి ఒక మొక్కని చంపినంత పని చేశాను.

నేను పనిచేసింది వన్ టౌన్‌లో, పోర్టుకి దగ్గరగా, ఓ పాత మేడ మీదున్న చిన్న ప్రైవేటు ల్యాబులో. ఓడల్లో వచ్చే బొగ్గుని పరీక్ష చేసి, అందులో తేమెంత, బూడిదెంత అని కాగితం రాసివ్వడం మా పని. తేమ చూడటం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బొగ్గుని తూచాలి, ఓవెన్లో పెట్టి ఎండబెట్టాలి, మళ్ళీ తూచాలి. తగ్గిన బరువంతా నీరే. ఇంత చిన్న పనికి బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నన్ను తీసుకుని, ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. ఆరు నెలలయ్యాక ఇన్‌ఛార్జి మేడమ్ రిపోర్టు రాస్తే ఉద్యోగం పర్మినెంటు, రాయకపోతే ఇంటికి. మా నాన్న మాత్రం నేను చేరిన రోజే ఊళ్ళో అందరికీ "మావోడికి వైజాగులో పర్మినెంటు ఉజ్జోగం" అని చెప్పేశాడు. కాబట్టి ఆ రిపోర్టు మీద నా ఉద్యోగమే కాదు, మా నాన్న మాట కూడా ఆధారపడి ఉంది.

ఇన్‌ఛార్జి మేడమ్‌ని మేమంతా చాటుగా రెండు దశాంశాల మేడమ్ అనేవాళ్ళం. ఏ బరువైనా దశాంశం తరువాత రెండంకెలు ఉండి తీరాలి. లేకపోతే పుస్తకం వెనక్కి వచ్చేది. "ఓ రెండు రోజులు సెలవు కావాలి మేడమ్" అని అడిగితే, "రెండా? ఓ రెండా?" అనేవారు. అంత కచ్చితమైన మనిషికి ఉన్న ఒకే ఒక్క బలహీనత ఆ ముళ్ళమొక్క. కొబ్బరికాయంత ఉండేది, గుండ్రంగా, నిలువు చారలతో. తూకాల గదిలో కిటికీ దగ్గర దానికో స్థానం. తొమ్మిదేళ్ళ నుంచీ పెంచుతున్నారు. ఆ తొమ్మిదేళ్ళలో అది ఒక్కసారి పూసిందట, ఒక్క రోజు. ఆ రోజు మేడమ్ సెలవులో ఉన్నారు. మర్నాడు వచ్చేసరికి వాడిపోయి వేలాడుతోందట. ఈ సంగతి ఆవిడ చెప్పినప్పుడు గొంతులో ఏ మార్పూ లేదు గానీ, చెప్పడం మాత్రం నాకు రెండుసార్లు చెప్పారు.

ఆవిడకి మోకాలి ఆపరేషన్ నిర్ణయమైంది. ఎనిమిది వారాలు రారు. వెళ్ళేముందు మమ్మల్నందరినీ పిలిచి, "ఈ మొక్కని ఎవరు చూసుకుంటారు?" అన్నారు. అందరూ నేలచూపులు చూశారు. నేను మాత్రం రొమ్ము విరుచుకుని ఒకడుగు ముందుకేసి, "నేను చూసుకుంటాను మేడమ్. మాది వ్యవసాయ కుటుంబం" అన్నాను. (మాది వరి. ఏడాదిలో నాలుగు నెలలు మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడే పంట.) మేడమ్ నన్ను ఓ క్షణం చూసి, "రోజూ ఒకసారి చూడు, చాలు. నేను వచ్చేసరికి ఉండాలి" అన్నారు. చూడమన్నారు. నీళ్ళు పొయ్యమని అనలేదు. కానీ మా ఇంట్లో "మడి చూసి రారా" అంటే నీళ్ళు పెట్టి రమ్మనే అర్థం.

ఆ సోమవారమే నేను నా ప్రతిభ చూపించాను. ఓడలకి పగలూ రాత్రీ ఉండదు కాబట్టి మా ల్యాబులో మూడు షిఫ్టులు. ఒక షిఫ్టువాళ్ళు చెయ్యాల్సింది ఇంకో షిఫ్టువాళ్ళకి తెలియడానికి షిఫ్టు పుస్తకం అని ఒకటి ఉండేది. అందులో నల్ల సిరాతో రాస్తే కబురు, ఎర్ర సిరాతో రాస్తే ఆజ్ఞ. ఆజ్ఞని మేడమ్ స్వయంగా కొట్టేసి సంతకం పెట్టేదాకా, ప్రతి షిఫ్టూ అది చేసి సంతకం చెయ్యాల్సిందే. ఎర్ర పెన్ను మేడమ్‌ది. సొరుగులో ఉంది. నేను తీశాను. "మేడమ్ గారి మొక్కకు ఒక బీకరు నీళ్ళు పోయవలెను" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను. రోజుకోసారి అని రాయడం మర్చిపోయాను. రాయాలని కూడా తోచలేదు, ఎందుకంటే నేను కొత్తవాణ్ణి, నాకు ఎప్పుడూ పొద్దుటి ఏ షిఫ్టే. నా దృష్టిలో రోజుకి ఒకటే షిఫ్టు.

మా ల్యాబులో మిగతా విషయాల్లో ఎలా ఉన్నా, ఎర్ర సిరాకి అందరూ భక్తులే. పొద్దున్న నేనొక బీకరు పోసేవాణ్ణి. మధ్యాహ్నం బీ షిఫ్టులో బావ ఒకటి పోసేవాడు. (నాకు బావ కాడు, ఎవరికీ బావ కాడు. అందర్నీ బావా అని పిలుస్తాడు కాబట్టి అందరికీ బావ. గాజువాకలో నా గదికి రెండు వీధుల అవతల ఉండేవాడు.) సీ షిఫ్టువాళ్ళు మూడోది పోసి సంతకం చేసేవాళ్ళు. నేను పొద్దున్నే నా గడిలో సంతకం పెట్టి పుస్తకం మూసేసేవాణ్ణి. పక్క గడులు చూడటం నాకు అలవాటు లేదు. ఆరో రోజుకి మొక్క లావెక్కింది. చారలన్నీ ఉబ్బి, నిగనిగలాడుతోంది. నాకు గర్వం ఆగలేదు. అదే రోజు మేడమ్ ఫోన్ చేసి, "ఎలా ఉంది?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉంది మేడమ్. లావెక్కింది."

"లావెక్కిందా?" అన్నారు. "గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? నొక్కి చూడు."

"ముళ్ళు మేడమ్."

"సరే" అని పెట్టేశారు. ఆవిడ నా పెంపకానికి మెచ్చి మాట రాక అలా పెట్టేశారనుకున్నాను.

పదమూడో రోజు శనివారం. నేను వెళ్ళేసరికి మా అప్ప తూకాల గదిలో చీపురు పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని మొక్క ముందు నిలబడి ఉంది. అప్ప అంటే మా ల్యాబు ఊడ్చే ఆవిడ, జాలరిపేట మనిషి. పొద్దున్న ల్యాబు ఊడ్చి, మధ్యాహ్నం ఎండుచేపలు అమ్ముకునేది. ఆ ఊళ్ళో అక్కని అప్ప అంటారు కాబట్టి అందరికీ అప్పే. మొక్క ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. అడుగంతా పసుపు పచ్చగా, పండిపోయిన దోసకాయలా ఉంది. గదిలో ఏదో వాసన.

"ఏటి బాబూ, దీనికేటి పోత్తన్నారు మీరు?" అంది అప్ప.

"నీళ్ళే అప్పా. రోజుకో బీకరు."

"రోజుకొకటా? నాను పొద్దున్నొచ్చేతలికి ఒకలు పోత్తన్నారు, నాను ఎల్లేతలికి నువ్వు పోత్తన్నావు. ముల్ల డొంకకి నీలేటి బాబూ? మా పేటల సముద్రం ఒడ్డున ఇసకలో ఎన్ని డొంకలున్నాయి, ఎవులు నీలు పోత్తన్నారు ఆటికి?"

నేను షిఫ్టు పుస్తకం తెరిచి మొదటిసారి పక్క గడులు చూశాను. పన్నెండు రోజులు, మూడు షిఫ్టులు, ముప్పై ఆరు సంతకాలు. ఒక్కటి తప్పలేదు. అందులో పదకొండు నావి. (ఆదివారం నాకు సెలవు. ఆ రోజు పొద్దుటి షిఫ్టుకి వచ్చిన ఆయన నాకన్నా ముద్దుగా సంతకం చేసి, "పోసితిని" అని కూడా రాశాడు.) అప్పుడే, తన షిఫ్టు మధ్యాహ్నమైనా ఏదో పని మీద, బావ కూడా వచ్చాడు. వాడి మీద విరుచుకుపడ్డాను.

"మట్టంతా బురదైపోతుంటే నీకు కనబడలేదా బావా?"

"కనబడింది బావా. నాకూ డవుటొచ్చింది. కానీ ఎర్రింకు కదా, ఆపడానికి నానెవడ్ని? నువ్వేటి రాసినావో అదే సేసినాం."

కుర్చీలో కూలబడ్డాను. మేడమ్ రావడానికి ఇంకో నెలన్నర ఉంది. ఆవిడ వచ్చిన వారంలోనే నా ఆరు నెలలూ పూర్తవుతాయి. తొమ్మిదేళ్ళు పెంచిన మొక్కని పన్నెండు రోజుల్లో కుళ్ళబెట్టినవాడి గురించి ఆవిడ ఏం రాస్తారు? మా నాన్న రచ్చబండ దగ్గర ఏం చెప్పుకుంటాడు? నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. బావకి జాలేసి, "ఓవెన్ల ఎట్టీ బావా, గంటలో తేమంతా పోతాది" అన్నాడు. వాడు నిజంగానే అన్నాడు. నూట అయిదు డిగ్రీల దగ్గర మొక్కలో తేమతో పాటు ఇంకేం పోతుందో నేను వాడికి చెప్పే స్థితిలో లేను.

దారి చూపించింది అప్పే. "లెగు బాబూ, ఏడిత్తే ఏటవుతాది? సేపలు ఎండెట్టినట్టు ఎండెట్టాల. కుల్లిందంతా కోసేయ్. తెల్లగా, గట్టిగా తగిలే దాకా కొయ్యి. ఎండల మాత్రం ఎట్టకు. ఎండల ఎడితే పైన ఎండిపోతాది, లోన కుల్తాది. నీడలో గాలికి ఆరాల" అంది. తన సంచిలోంచి చేపల కత్తి తీసి తనే మొదలెట్టింది. నేను పాత పేపరు మడతతో మొక్కని పట్టుకున్నాను. వేళ్ళన్నీ గోధుమరంగు పీచులా ఊడి వచ్చేశాయి. అప్ప చక్రం చక్రంగా కోసుకుంటూ, కోసిన ప్రతిసారీ వేలితో నొక్కి చూసి, "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటూ పోయింది. చివరికి తెల్లటి భాగం తగిలేసరికి కొబ్బరికాయంత మొక్క బత్తాయికాయంత మిగిలింది. కత్తి కడిగి సంచిలో పెట్టుకుంటూ, "మేడమ్మగోరికి నా పేరు సెప్పకు" అంది.

తొమ్మిది రోజులు ఆ బత్తాయికాయ తూకాల గదిలో ఏసీ గాలికి వలబుట్ట మీద తలకిందులుగా ఆరింది. ఈలోగా నేను కుండీ కడిగి, ముతక ఇసుకని మా బొగ్గు జల్లెడలతో జల్లించి, మెత్తటిదంతా పారేసి, నలిపిన కోక్ (కాల్చిన బొగ్గు) ముక్కలు కలిపి, ఆ మిశ్రమాన్ని ఓవెన్లో ఎండబెట్టాను. (బావ సలహా ఆ విధంగా పనికొచ్చింది.) షిఫ్టు పుస్తకంలో ఆజ్ఞని కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు కాబట్టి, కుండీ మీదే "ముట్టరాదు" అని కాగితం అంటించాను. పదో రోజున కోత బెరడులా గట్టిపడింది. మొక్కని ఇసుకలో కూర్చోబెట్టాను. ఇక నీళ్ళెప్పుడు పొయ్యాలి? అది మాత్రం అప్పకీ తెలియదు, నాకూ తెలియదు. అప్పుడు తట్టింది నాకు తెలిసిన పని ఒక్కటే ఉందని. తూచడం.

ఎండు కుండీని తూచాను. వారం ఆగి కాసిని నీళ్ళు పోసి మళ్ళీ తూచాను. బొగ్గైనా మొక్కైనా తగ్గిన బరువంతా నీరే కదా. రోజూ తూచి ఓ చిన్న నోటుబుక్కులో రాస్తే, ఎండు బరువుకి ఎప్పుడు దిగిందో తెలుస్తుంది, అప్పుడే మళ్ళీ పొయ్యాలి. రెండు దశాంశాలతో రాశాను, గళ్ళు గీసి, తేదీలు వేసి. ఆదివారాలు నాకు సెలవైనా, ఎవరి చేతికీ కుండీ ఇచ్చే ధైర్యం లేక, మొదటి మూడు ఆదివారాలు గాజువాక నుంచి గంట సేపు బస్సులో వెళ్ళి తూచి వచ్చాను. బావ అయితే, "పిల్లకి పాలు పట్టడానికెల్తన్నాడు మావోడు" అని బస్టాపులో అందరికీ చెప్పేవాడు. నాలుగో ఆదివారం మాత్రం బావ ఇంట్లో రొయ్యల కూర. అప్ప పంపిన రొయ్యలు. రెండుసార్లు వడ్డించుకుని, బస్సెక్కుదామనుకుంటూనే వాళ్ళ వరండాలో పడుకుని, సాయంత్రం లేచాను. సోమవారం చూస్తే కుండీ క్షేమంగా ఉంది. నోటుబుక్కులో ఆదివారం గడి మాత్రం ఖాళీగా, నన్నే చూస్తున్నట్టు ఉంది. శనివారం 412.36. సోమవారం 409.88. మధ్యలో 411.12 అని రాసేశాను. అంత ముత్యాల్లాంటి నోటుబుక్కులో ఒక్క గడి ఖాళీ ఉంటే బావుండదని.

మేడమ్ కర్ర పట్టుకుని వచ్చిన రోజుకి మొక్క నెత్తిన గోరంత లేత పచ్చ, దాని మధ్యన కొత్త ముళ్ళు వచ్చాయి. ఆవిడ ముందు కిటికీ దగ్గరికి వెళ్ళారు. బత్తాయికాయని చూశారు. నేను షిఫ్టు పుస్తకం, ముప్పై ఆరు సంతకాలు, కుళ్ళు, కోత, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. (కత్తి ఎవరిదో చెప్పలేదు. ఆవిడే, "ఈ కోత చేపలు కోసేవాళ్ళది" అన్నారు.) కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడలేదు. కూర్చుని, ఎర్ర పెన్ను తీసి, షిఫ్టు పుస్తకంలో నా ఆజ్ఞని కొట్టేసి సంతకం చేశారు. తరువాత నా నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచీ చదవడం మొదలెట్టారు. నాకు ఏనుగెక్కినంత సంతోషంగా ఉంది. చదివి చదివి ఒక చోట ఆగారు.

"ఏమయ్యా, ఈ ఆదివారం శనివారానికీ సోమవారానికీ సరిగ్గా నట్టనడుమ పడింది. మొక్కలు ఇంత మర్యాదగా ఆరవు." తూకం పుస్తకం తెప్పించారు. మా దగ్గర ఎవరు త్రాసు వాడినా అందులో సంతకం పెట్టాలి. "ఆ రోజు నీ సంతకం లేదు. వచ్చావా?"

మేడమ్ కుర్చీ వెనకాల నిలబడి బావ నాకు సైగలు చేస్తున్నాడు, వచ్చానని, సంతకం మర్చిపోయానని చెప్పమని. నేను మాత్రం, "రాలేదు మేడమ్. రొయ్యలు తిని పడుకున్నాను. ఊహించి రాశాను" అన్నాను. నా నిజాయితీ గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఈ సంఘటనే చెప్తుంటాను గానీ, అసలు సంగతేమిటంటే, భయంతో బావ సైగలు నాకు అర్థం కాలేదు.

"మొక్కకి నువ్వు చేసింది తెలియక చేశావు. ఇది తెలిసి చేశావు" అన్నారు మేడమ్. "రేపు బొగ్గుకి ఇలా రాయవని నేనెలా నమ్మను? ఇంకో మూడు నెలలు చూద్దాం." ఎర్ర సిరాతో 411.12ని కొట్టేసి, పక్కన నా చేత సంతకం పెట్టించారు. ముప్పై ఏడో సంతకం.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. విషయమంతా విని, "మొక్క బతికిందేటి?" అన్నాడు. బతికింది అన్నాను. "మరింకేటి?" అన్నాడు. ఆదివారం సంగతి మళ్ళీ చెప్పాను. "ఆదివారానికేటైనాదిరా? ఆదివారం మడికి నాను మాత్రం ఎల్తన్నానా?" అన్నాడు. మళ్ళీ తనే, "సర్లే, నానిక్కడెవులికీ సెప్పను, నువ్వూ సెప్పకు" అన్నాడు. మూడు నెలల తరువాత నిజంగా పర్మినెంటు అయినప్పుడు ఆ సంతోషం ఎవరితోనూ పంచుకోవడానికి లేకపోయింది, ఊళ్ళో అందరికీ తొమ్మిది నెలల ముందే తెలుసు కాబట్టి.

మేడమ్ రిటైరై అయిదేళ్ళయింది. వెళ్ళిపోయేటప్పుడు కుండీ తనతో తీసుకెళ్తూ, దాని పక్కన మొలిచిన చిన్న పిల్లమొక్కని తుంచి నా బల్ల మీద పెట్టి, "చూడు" అన్నారు, అంతే. ఈసారి ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఎర్ర పెన్ను నా సొరుగులోనే ఉంటుంది. బావ ఇప్పటికీ బీ షిఫ్టే, అప్ప ఇప్పుడు చేపలే అమ్ముతోంది. పిల్లమొక్క కొబ్బరికాయంత అయింది. రోజూ తూచి రాస్తాను. ఇప్పుడు అవసరం లేదు, చూపుతోనే తెలిసిపోతుంది, అయినా రాస్తాను. ఆదివారం మాత్రం నేను రాను, ఆ గడి ఖాళీ.

మొన్న వేసవిలో ఒక శనివారం మొక్క పక్కన బొటనవేలంత మొగ్గ కనిపించింది. ఇంకా రెండు మూడు రోజులు పడుతుందనుకున్నాను. సోమవారం తలుపు తీసేసరికి తెల్లటి పువ్వొకటి వాడిపోయి, కుండీ అంచు మీదుగా వేలాడుతోంది. మేడమ్‌కి ఫోన్ చేశాను.

"పూసింది మేడమ్."

"చూశావా?" ఆవిడ గొంతులో అంత ఆత్రం నేనెప్పుడూ వినలేదు.

"లేదు మేడమ్. నిన్న ఆదివారం."

"మరి నిన్నటి గడిలో ఏం రాశావు?" అన్నారు.

"ఏమీ రాయలేదు మేడమ్. ఖాళీగానే ఉంది."

ఆవిడ నవ్వారు. అన్నేళ్ళలో ఆవిడ నవ్వు వినడం నాకదే మొదటిసారి. "మంచిది" అని పెట్టేశారు. నేను ఆ వాడిన పువ్వుని తీసి, అలవాటు కొద్దీ తూచి, బరువు సోమవారం గడిలో రెండు దశాంశాలతో రాసి, సంతకం పెట్టాను. నేను ఉద్యోగంలో పర్మినెంటయింది ఆ రోజేననిపించింది.